ముట్లుడిగే వయసులో మెదడు చేసే పని

ఆంధ్రప్రదేశ్‌లో నలభై ఏళ్ళకు అటూ ఇటూ ఉన్న స్త్రీకి నెలసరి గతి తప్పినా, రక్తస్రావం ఎక్కువైనా, ఒంట్లో ఆవిర్లు పుట్టి రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, ఇంటిల్లిపాది చూపూ, చాలా సందర్భాల్లో వైద్యుల చూపూ ముందుగా పడేది గర్భసంచి మీదనే. 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య వయసు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నట్లు తేలింది. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగు రాష్ట్రాలవే. గత డెబ్బై ఏళ్ళుగా జీవశాస్త్రం కనుగొంటూ వచ్చిన విషయాలను ఈ అంకెల పక్కన పెట్టి చూస్తే ఒక వింత బయటపడుతుంది. నెలసరిని నడిపించే అధికారం గానీ, నడివయసులో దాన్ని ఆపే అధికారం గానీ గర్భసంచికి లేవు. ఆ రెండూ మెదడుకూ అండాశయానికీ మధ్య ఎడతెగకుండా సాగే సంకేతాల రాకపోకల మీద ఆధారపడి ఉంటాయి. ఆ రాకపోకల ఫలితాన్ని నెలనెలా అనుభవించడం తప్ప గర్భసంచి చేసేది ఏమీ లేదు. వయసు పైబడేకొద్దీ ఈ రెండింటిలో ముందుగా తడబడేది అండాశయమా, మెదడా అన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఎలుకల్లో, కోతుల్లో, స్త్రీలలో వేర్వేరు జవాబులు చూశారు గనుక, ఆ జవాబులను తెలుగు పాఠకుల ముందుంచడం, ముఖ్యంగా రేయింబవళ్ళు షిఫ్టుల్లో నడిచే విశాఖపట్నం వంటి నగరంలో వాటికున్న అర్థాన్ని పరిశీలించడం ఈ కథనం ఉద్దేశం.

గర్భసంచి మీద ఇంతగా చూపు నిలవడానికి వైద్యం కన్నా సమాజమే ఎక్కువ కారణమని చెప్పాలి. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో వివాహితల్లో సుమారు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. వారిలో చాలామందికి అది పాతికేళ్ళు దాటకముందే జరిగిపోతుంది. పిల్లల పని అయిపోయింది గనుక ఇక గర్భసంచితో అవసరం లేదన్న భావం అక్కడినుంచే మొదలవుతుంది. అది ఉంటే క్యాన్సర్ వస్తుందేమోనన్న భయం, పనికి నాగా పడకుండా నెలసరి బెడద వదిలించుకోవాలన్న ఆశ, ఆపరేషన్ చేస్తే గానీ గిట్టుబాటు కాని ఆస్పత్రి వ్యాపారం దానికి తోడవుతాయి. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అవసరం లేని ఆపరేషన్ల మీద దాఖలైన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో తీర్పు చెబుతూ, కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో రూపొందించిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని ఆదేశించింది. ఆ వ్యాజ్యంలో ఆంధ్రప్రదేశ్ పేరు లేకపోవడం ఇక్కడి పరిస్థితికి యోగ్యతాపత్రమేమీ కాదు.

గంటకొక్కసారి

మెదడు అడుగుభాగాన, ముక్కు మొదలుకు సూటిగా వెనుకవైపున, సుమారు నాలుగు గ్రాముల బరువుండే చిన్న భాగాన్ని హైపోథాలమస్ అంటారు. ఆకలి, దాహం, నిద్ర, ఒంటి వేడి, సంతానోత్పత్తి వంటి ప్రాథమిక వ్యవహారాలన్నిటినీ అదుపుచేసే నాడీకణాల గుంపులు ఆ ఇరుకు చోటులోనే పక్కపక్కన సర్దుకుని ఉంటాయి కాబట్టి, ఒక గుంపులో వచ్చిన మార్పు ఇరుగుపొరుగు గుంపులను తాకకుండా ఊరుకోదు; ముట్లుడిగే వయసులో స్త్రీలకు ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి ఈ ఇరుగుపొరుగుతనమే మూలమని ముందు ముందు తెలుస్తుంది. మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాలలో ఒకటి రెండు వేలు మాత్రమే జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్‌ను తయారుచేస్తాయి. జాతి మనుగడ మొత్తం ఆధారపడిన ఈ కొద్దిపాటి కణాలు పుట్టుకతో మెదడుకు చెందినవి కావు. పిండదశలో ముక్కు ప్రాంతంలో పుట్టి, వాసన నరాల వెంట పాకుతూ హైపోథాలమస్‌కు చేరుకుంటాయి. ఆ ప్రయాణం దారిలో ఆగిపోయిన పిల్లలకు వాసనలూ తెలియవు, యుక్తవయసూ రాదు. వైద్యులు దాన్ని కాల్‌మన్ సిండ్రోమ్ అంటారు.

ఈ హార్మోన్ సన్నని రక్తనాళాల జాలం గుండా కిందనే ఉన్న పిట్యూటరీ గ్రంథిని, అంటే పాఠ్యపుస్తకాల్లో పీయూష గ్రంథిగా కనబడేదాన్ని చేరి, అక్కడినుంచి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే మరో రెండు హార్మోన్లను రక్తంలోకి వదిలిస్తుంది. వీటిలో మొదటిది అండాశయంలో అండాన్ని పొదువుకుని ఉండే చిన్న చిన్న పుటికలను పెంచుతుంది, రెండవది పక్వమైన పుటిక పగిలి అండం వెలువడేలా చేస్తుంది. పిట్యూటరీ స్వతంత్ర గ్రంథి కాదనీ, మెదడు నుంచి రక్తనాళాల ద్వారా వచ్చే ఆజ్ఞలకు లోబడి పనిచేస్తుందనీ బ్రిటిష్ శాస్త్రవేత్త జెఫ్రీ హారిస్ 1950ల తొలినాళ్ళలో ఎలుకల మీద చేసిన ప్రయోగాలతో నిరూపించాడు. ఆజ్ఞ మోసుకెళ్ళే రసాయనం ఏదో పట్టుకోవడానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఆండ్రూ షాలీ బృందం లక్షకు పైగా పందుల హైపోథాలమస్‌లను, రోజర్ గీమాన్ బృందం అంతకన్నా ఎక్కువ సంఖ్యలో గొర్రెల హైపోథాలమస్‌లను కబేళాల నుంచి సేకరించి, ఒకరితో ఒకరు పోటీపడి వడగట్టగా, అది పది అమైనో ఆమ్లాల చిన్న గొలుసని 1971లో తేలింది. 1977లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

ఆ హార్మోన్ ఎంత వస్తుందన్నది ఒక్కటే చూస్తే సరిపోదనీ, ఎలా వస్తుందన్నది అంతకన్నా ముఖ్యమనీ చూపినవాడు పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్నెస్ట్ నోబిల్. సొంతంగా జీఎన్‌ఆర్‌హెచ్ తయారుకాకుండా చేసిన రీసస్ కోతులకు గంటకొక్కసారి చొప్పున దాన్ని ఎక్కిస్తే పిట్యూటరీ చక్కగా పనిచేసింది. అదే హార్మోన్‌ను ఆగకుండా ధారగా ఎక్కిస్తే పిట్యూటరీ మూగబోయింది. 1978లో వెలువడిన ఈ ఫలితం చూడటానికి ప్రయోగశాల ముచ్చటలా కనిపించినా, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో, ఎండోమెట్రియోసిస్‌లో హార్మోన్లను అణచడానికి ఇచ్చే ఇంజెక్షన్లకూ, సంతాన సాఫల్య కేంద్రాల్లో అండం ముందే జారిపోకుండా ఇచ్చే మందులకూ పునాది అదే. లయ ఉంటే ఆజ్ఞ, లయ తప్పితే మౌనం అన్న ఈ సూత్రాన్ని గుర్తుంచుకుంటే, వయసు ప్రభావం అర్థం చేసుకోవడం సులువవుతుంది, ఎందుకంటే వయసు ముందుగా దెబ్బతీసేది హార్మోన్ మోతాదును కాదు, దాని వేళాపాళాలను.

అండాశయం ఈ ఆజ్ఞలను పాటించి ఊరుకోదు, తిరుగు సంకేతం పంపుతుంది. పుటికలు పెరిగేకొద్దీ వాటినుంచి వచ్చే ఈస్ట్రోజెన్ చాలా రోజులపాటు మెదడును కొంత నెమ్మదింపజేసి, చివరకు ఒక మోతాదు దాటి ఒకటి రెండు రోజులు నిలబడేసరికి తీరు మార్చుకుని, ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా ఉప్పొంగజేస్తుంది. అండం విడుదలయ్యేది ఆ ఉప్పెన తరువాతనే. విచిత్రమేమంటే ఈస్ట్రోజెన్‌ను పట్టుకునే ప్రధాన గ్రాహకం జీఎన్‌ఆర్‌హెచ్ కణాల్లో లేదు. అండాశయం భాష రాని ఆ కణాలకు దుబాసీలుగా పనిచేసేవి కిస్‌పెప్టిన్ అనే పదార్థాన్ని తయారుచేసే పొరుగు కణాలని 2003 తరువాత గానీ తెలియలేదు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో ఒక బృందం, అమెరికాలో మరొక బృందం, యుక్తవయసు రాని కొన్ని కుటుంబాల్లో కిస్‌పెప్టిన్ గ్రాహకం లోపించిందని విడివిడిగా కనుగొన్నాయి. కిస్‌పెప్టిన్ జన్యువును అంతకు ఏడేళ్ళ ముందు కనుగొన్నది పెన్సిల్వేనియాలోని హెర్షీ పట్టణంలో క్యాన్సర్ పరిశోధకులు కావడంతో, ఆ ఊరి చాక్లెట్ పేరే జన్యువుకూ అంటుకుంది. హైపోథాలమస్ అడుగున ఉండే ఈ కణాలు కిస్‌పెప్టిన్‌తో పాటు న్యూరోకైనిన్-బి అనే ప్రేరకాన్నీ, డైనార్ఫిన్ అనే నిరోధకాన్నీ కలిపి తయారుచేస్తూ, ఒకటి ముందుకు తోస్తే మరొకటి వెనక్కి లాగడం ద్వారా గంటకొక్కసారి వచ్చే ఆ లయను పుట్టిస్తాయని ఇప్పుడు శాస్త్రవేత్తలు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు.

ముసలి ఎలుకకు పడుచు అండాశయం

ఆడ ఎలుకకు నాలుగైదు రోజులకొకసారి ఎదచక్రం పూర్తవుతుంది. ఏడాది వయసుకు అటూ ఇటూగా ఆ చక్రం సాగదీసినట్లు ఆలస్యమై, తరువాత అండం విడుదల కాకుండానే నెలల తరబడి ఎద స్థితి నిలిచిపోయి, చివరకు అన్నీ ఆగిపోతాయి. అప్పటికి దాని అండాశయంలో పుటికలు నిండుకుని ఉండవు. కావలసినన్ని మిగిలే ఉంటాయి. మరి లోపం ఎక్కడున్నట్లు? 1972లో తైవాన్ శాస్త్రవేత్తలు పెంగ్, హువాంగ్ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు రాబట్టే ప్రయోగం చేశారు. ముసలి ఎలుకల అండాశయాలను తీసి పడుచు ఎలుకలకు అమర్చితే వాటిలో చాలా భాగం తిరిగి పనిచేయసాగాయి; పడుచు ఎలుకల అండాశయాలను ముసలి ఎలుకలకు అమర్చితే మాత్రం చక్రాలు మామూలు తీరుకు రాలేదు. ఎలుకల విషయంలో ముందుగా ముసలిదవుతున్నది మెదడే అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఉండబోదు. సరిగ్గా ఆ కాలంలోనే అమెరికాలో జోసెఫ్ మైటిస్ బృందం, పార్కిన్సన్ వ్యాధికి వాడే ఎల్-డోపాను చక్రాలు ఆగిన ముసలి ఎలుకలకు ఇచ్చి వాటిని కొంతకాలం తిరిగి నడిపించగలిగింది. అండాశయాన్ని ముట్టుకోకుండా మెదడు రసాయనాలను సవరిస్తేనే పని జరిగిందన్నమాట.

ఇంతకన్నా ఆలోచింపజేసే సంగతి మరొకటి ఉంది. చిన్న వయసులోనే అండాశయాలు తీసివేసి, ముసలితనంలో వాటికి పడుచు అండాశయాలు అమర్చిన ఎలుకల్లో చక్రాలు మళ్ళీ మొదలైనట్లు ఆష్‌హైమ్ 1960లలోనే గమనించగా, తరువాత కాలెబ్ ఫించ్ బృందం చుంచెలుకల్లో దాన్ని లోతుగా పరిశీలించి, హైపోథాలమస్ అరుగుదలకు గడచిన ఏళ్ళు ఎంత కారణమో, ఆ ఏళ్ళలో అది చవిచూసిన ఈస్ట్రోజెన్ మొత్తమూ అంత కారణమని వాదించింది. మెదడుకు జీవమిచ్చే హార్మోనే మెదడును అరగదీస్తుందన్న ఈ మాట ఎలుకల వరకు బలమైనదే. దాన్ని యథాతథంగా స్త్రీలకు అంటగట్టే ఉత్సాహం మాత్రం మంచిది కాదు. పత్రికల్లో అప్పుడప్పుడు కనబడే అలాంటి శీర్షికలను ఎలుకలకే వదిలేయడం మేలు.

మెదడులో లయ ఎక్కడ చెడుతుందన్న దాని మీద 1990లలో ఫిల్లిస్ వైజ్ చేసిన కృషి, విశాఖ వంటి నగరానికి నేరుగా సంబంధించినది. కంటినరాలు ఒకదానినొకటి దాటే చోటుకు పైన ఉండే ఒక జత కణాల గుంపు శరీరానికంతటికీ గడియారంగా పనిచేస్తుంది. వెలుతురు చూసి పగలూ రాత్రీ తేడా శరీరానికి చెప్పేది అదే. ఆడ ఎలుకలో ఎల్‌హెచ్ ఉప్పెన ఎదకు ముందురోజు మధ్యాహ్నం ఒక నిర్ణీత వేళకే వస్తుంది. నడివయసు ఎలుకల్లో, చక్రాలు ఇంకా సక్రమంగా ఉన్నప్పుడే, ఆ ఉప్పెన ఆలస్యంగానూ తక్కువ ఎత్తులోనూ వస్తుందనీ, దానికి ముందే గడియారపు కణాల నుంచి వెలువడే రసాయనాల రోజువారీ ఎగుడుదిగుళ్ళు చదునై పోతాయనీ వైజ్ చూపింది. ఆమె వాదన ప్రకారం ముసలితనం తొలి లక్షణం సంకేతం లేకపోవడం కాదు, అనేక సంకేతాలు ఒకే వేళకు కలిసిరాకపోవడం.

మూడు షిఫ్టుల నగరం

విశాఖ ఉక్కు కర్మాగారంలో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అన్న పేర్లతో ఉన్న బ్లాస్ట్ ఫర్నేసులు రాజుకున్నాక రాత్రి వచ్చిందని ఆరేవి కావు. 1933లో ప్రారంభమైన ఓడరేవులో సరుకు ఎగుమతి దిగుమతులకు వేళలేదు. 1923 నుంచి ఉత్తరాంధ్రకు పెద్దదిక్కుగా ఉన్న కింగ్ జార్జ్ ఆస్పత్రిలో నర్సులకు రాత్రి డ్యూటీ తప్పదు. చేపల రేవులో వేలం పాటకు ఆడవాళ్ళు తెల్లవారకముందే చేరుకోవాలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రాత్రి 7 గంటల నుంచి ఉదయం 6 గంటల దాకా స్త్రీలను కర్మాగారాల్లో పనికి పెట్టరాదని నిర్దేశించింది. ఆ నియమాన్ని సడలించేందుకు ఆంధ్రప్రదేశ్ 2025లో చట్ట సవరణకు పూనుకుంది. భద్రత, రవాణా, వేతనం అన్న కోణాల్లో ఆ సవరణ మీద జరిగిన చర్చలో మెదడులోని గడియారం ప్రస్తావన వినిపించినట్లు లేదు. అమెరికాలో నర్సుల ఆరోగ్యంపై దశాబ్దాలుగా సాగుతున్న అధ్యయనంలో 80 వేల మందికి పైగా సమాచారాన్ని విశ్లేషించిన 2019 నాటి పరిశోధన, గత రెండేళ్ళలో 20 నెలలు గానీ అంతకు మించి గానీ మారుతూ వచ్చే రాత్రి షిఫ్టుల్లో పనిచేసినవారికి ముందుగా ముట్లుడిగే అవకాశం 9 శాతం ఎక్కువని చెప్పింది. తొమ్మిది శాతం పెద్ద అంకె కాదు, రాత్రి షిఫ్టే అందుకు కారణమని దాన్నిబట్టి తేల్చడానికీ వీల్లేదు. అయినా స్త్రీలను రాత్రి పనికి పిలిచే ప్రభుత్వానికి ఆ అంకె తెలిసి ఉండటం న్యాయం.

స్త్రీ విషయంలో అండాశయమే ముందు

స్త్రీలలో కథ ఎలుకల్లో కన్నా భిన్నంగా నడుస్తుంది. తల్లి కడుపులో ఐదో నెల ఆడపిండంలో 60, 70 లక్షల దాకా ఉండే పుటికలు పుట్టేనాటికి పది ఇరవై లక్షలకు, రజస్వల అయ్యేనాటికి మూడు నాలుగు లక్షలకు తగ్గి, ముట్లుడిగేసరికి వేయికి అటూ ఇటూ మిగులుతాయి. వీటిలో అండంగా విడుదలయ్యేవి నాలుగైదు వందలే. తక్కినవన్నీ గర్భాలతో, మందులతో నిమిత్తం లేకుండా వాటంతటవే కరిగిపోతాయి. నిల్వ తరిగేకొద్దీ పుటికల నుంచి వచ్చే ఇన్‌హిబిన్-బి అనే నిరోధక హార్మోన్ తగ్గి, పగ్గం సడలిన పిట్యూటరీ ఎఫ్‌ఎస్‌హెచ్‌ను పెంచుతుంది. నెలసరి ఇంకా సక్రమంగా ఉండగానే రక్తంలో కనిపించే తొలి మార్పు ఇదే. ముట్లుడిగాక ఎఫ్‌ఎస్‌హెచ్ యుక్తవయసులో ఉన్నదానికి పది పదిహేను రెట్లు, ఎల్‌హెచ్ మూడు రెట్లు పెరుగుతాయి. కాబట్టి స్త్రీలలో మొదట చేతులెత్తేసేది అండాశయమేనన్న పాతమాట ఇప్పటికీ నిలిచే ఉంది.

అలాగని మెదడు యథాతథంగా ఉండిపోతుందనుకోవడానికి లేదు. నడివయసు స్త్రీల ఆరోగ్యంపై అమెరికాలో జరుగుతున్న స్వాన్ అధ్యయనంలో భాగంగా జెర్సన్ వైస్ బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో, ముట్లుడిగే దశకు చేరువైన కొందరిలో ఈస్ట్రోజెన్ చాలినంత పెరిగినా ఎల్‌హెచ్ ఉప్పెన రాలేదు. అండాశయం పంపిన సంకేతం అందినా మెదడు పలకలేదన్నమాట. ఆ నెల అండం విడుదల కాదు, ప్రొజెస్టిరాన్ తయారుకాదు, ఈస్ట్రోజెన్ ఒక్కటే గర్భసంచి లోపొరను మందంగా పెంచుతూ పోవడంతో ఆలస్యంగా వచ్చిన నెలసరి ఉధృతంగా వస్తుంది. నలభై ఐదేళ్ళ స్త్రీ అధిక రక్తస్రావంతో వైద్యుని దగ్గరకు వెళ్ళినప్పుడు, కణితులూ క్యాన్సరూ లేవని తేలాక, మూలకారణం ఇలా హైపోథాలమస్‌లో ఉండే అవకాశం తక్కువేమీ కాదు. అలాంటప్పుడు ప్రొజెస్టిరాన్ మాత్రలు గానీ, ఆ హార్మోన్‌ను లోపలే విడుదలచేసే లూప్ గానీ చాలినచోట అవయవాన్నే తీసివేయడం, మోగుతున్నది ఎక్కడో తెలుసుకోకుండా వినబడుతున్న చెవిని కోసేయడమే.

ఇక ముట్లుడిగిన తరువాతి సంగతి. ముసలి ఆడ ఎలుకలో జీఎన్‌ఆర్‌హెచ్ మందగిస్తే, ముట్లుడిగిన రీసస్ కోతి మెదడులో దాని విడుదల పెరుగుతుందని ఆండ్రియా గోర్, ఎయికో తెరసావా బృందం 2004లో నేరుగా కొలిచి చూపింది. స్త్రీలలో జానెట్ హాల్ చేసిన పరిశోధనలను బట్టి యాభైలలో ఉన్నవారి కన్నా డెబ్బైలలో ఉన్నవారిలో ఆ లయ వేగం తగ్గుతుంది. అంటే అండాశయం నుంచి ఈస్ట్రోజెన్ ఆగిపోవడం వల్ల వచ్చే మార్పు వేరు, వయసు వల్ల మెదడులో వచ్చే మార్పు వేరు. రెండూ ఒకేసారి ఒకే స్త్రీలో జరుగుతుంటాయి గనుక వాటిని విడదీసి చూడటం ఇంతకాలం కష్టమైంది.

ఆవిర్లు ఎక్కడ పుడతాయి

అరిజోనా విశ్వవిద్యాలయంలో నయోమి రాన్స్ అనే నాడీరోగ శాస్త్రవేత్త 1990లలో, మరణించిన స్త్రీల మెదళ్ళను పరిశీలిస్తూ, ముట్లుడిగినవారి హైపోథాలమస్ అడుగుభాగంలో కొన్ని నాడీకణాలు పరిమాణంలో బాగా ఉబ్బి ఉండటం గమనించింది. అవి న్యూరోకైనిన్-బిని తయారుచేసే కణాలు. కిస్‌పెప్టిన్‌ను తయారుచేసేవీ అవేనని తరువాత తెలిసింది. ఈస్ట్రోజెన్ అనే పగ్గం తెగిపోవడంతో అవి అదుపులేకుండా పనిచేస్తూ, తమ శాఖలు చేరుకున్న పొరుగు ప్రాంతాన్ని, అంటే ఒంటి వేడిని నియంత్రించే కేంద్రాన్ని కూడా రెచ్చగొడతాయని రాన్స్ ప్రతిపాదించింది. మామూలుగా చెమట పట్టే ఉష్ణోగ్రతకూ వణుకు పుట్టే ఉష్ణోగ్రతకూ మధ్య శరీరంలో కొంత వెసులుబాటు ఉంటుంది. ఆవిర్లతో బాధపడే స్త్రీలలో అది దాదాపు మాయమవుతుందని రాబర్ట్ ఫ్రీడ్‌మన్ కొలతలు చెబుతున్నాయి. అందువల్ల ఒంటి వేడి పిసరంత పెరిగినా మెదడు దాన్ని ఉపద్రవంగా భావించి, చర్మంలోని రక్తనాళాలను విప్పార్చి, ఒళ్ళంతా చెమటతో తడిపేస్తుంది.

విశాఖ వాతావరణం ఇక్కడ లెక్కలోకి వస్తుంది. చెమట ఒంటిని చల్లబరిచేది కారడం వల్ల కాదు, ఆరడం వల్ల. సముద్రపు తేమ నిండిన ఏప్రిల్, మే నెలల గాలిలో చెమట ఆరదు గనుక, మెదడు అకారణంగా మోగించిన వేడి హెచ్చరిక ఉపశమనం లేకుండానే ముగుస్తుంది. పైగా ఉక్కపోత అందరికీ ఉన్నదే అనుకోవడం వల్ల ఆవిర్లను ఆవిర్లుగా గుర్తించడమే ఆలస్యమవుతుంది. గుండెదడతో కలిసి వచ్చినప్పుడు వాటిని గుండెజబ్బుగానో, థైరాయిడ్‌గానో, రక్తపోటుగానో భావించి పరీక్షల మీద పరీక్షలు చేయించుకునేవారు గాజువాకలోనూ ఉంటారు, గోపాలపట్నంలోనూ ఉంటారు. ఈ బాధ నాలుగు రోజుల ముచ్చట కాదు: స్వాన్ అధ్యయనంలో తరచుగా ఆవిర్లు వచ్చిన స్త్రీలకు అవి సగటున ఏడేళ్ళకు పైగా కొనసాగాయి.

రాన్స్ ప్రతిపాదన మందుగా మారడానికి పాతికేళ్ళు పట్టింది. న్యూరోకైనిన్-బి గ్రాహకాన్ని మూసివేసే పదార్థం ఆవిర్లను తగ్గిస్తుందని లండన్ ఇంపీరియల్ కళాశాలలో వల్జీత్ ధిల్లో బృందం 2017లో చూపింది. అదే తరహా మందైన ఫెజోలినెటాంట్‌కు 2023 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతినిచ్చింది. అది హార్మోన్ కాదు, అండాశయంతోనూ గర్భసంచితోనూ దానికి పని లేదు. నేరుగా మెదడులో పనిచేస్తుంది. అరుదుగా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీస్తున్నందువల్ల 2024 డిసెంబరులో ఆ సంస్థే దానిమీద గట్టి హెచ్చరికను కూడా చేర్చింది. ఈస్ట్రోజెన్ చికిత్స సంగతి వేరే వ్యాసానికి సరిపడా ఉంది. 2002లో ఒక పెద్ద అధ్యయనం రేపిన భయం, ముట్లుడిగిన పదేళ్ళలోపు మొదలుపెట్టిన ఆరోగ్యవంతుల విషయంలో చాలావరకు సడలిందని చెప్పుకుంటే ఇక్కడికి చాలు.

కత్తి తరువాత

గర్భసంచి తీసి అండాశయాలను ఉంచేస్తే హార్మోన్లకు ఏమీ కాదన్న భరోసా ఆపరేషన్‌కు ముందు సాధారణంగా వినబడుతుంది. సూత్రరీత్యా అది నిజమే అయినా, అండాశయానికి వెళ్ళే రక్తంలో కొంత భాగం గర్భసంచి ధమని శాఖల నుంచే వస్తుంది. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాట్రీషియా మూర్మన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అండాశయాలను ఉంచి గర్భసంచి మాత్రమే తీసినవారిలో నాలుగేళ్ళ తరువాత 14.8 శాతం మందికి అండాశయాలు పనిమానేయగా, ఆపరేషన్ జరగనివారిలో ఆ సంఖ్య 8 శాతం. రెండు అండాశయాలనూ కూడా తీసేస్తే పరిణామం మరీ ఆకస్మికం: ప్రకృతి నాలుగైదేళ్ళు తీసుకుని మెదడుకు అలవాటు చేసే లోటును కత్తి ఒక్క పూటలో తెచ్చిపెడుతుంది. మాయో క్లినిక్‌లో వాల్టర్ రోకా బృందం 2007లో చూపినదాని ప్రకారం, సహజంగా ముట్లుడగకముందే అండాశయాలు తీసివేయబడిన స్త్రీలకు తరువాతి జీవితంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి సన్నగిల్లే ముప్పు ఎక్కువ. ఆపరేషన్ ఎంత చిన్న వయసులో జరిగితే ముప్పు అంత ఎక్కువ. భారతీయ స్త్రీలకు సహజంగానే సగటున 46 ఏళ్ళకు, పాశ్చాత్యుల కన్నా నాలుగైదేళ్ళు ముందుగా ముట్లుడుగుతాయని భారత మెనోపాజ్ సొసైటీ అధ్యయనం చెబుతుండగా, ముప్పై అయిదుకే ఆ లోటును తెచ్చుకోవడం ఎంత భారమో వేరే చెప్పనక్కరలేదు.

పాతనగరంలో జనం ఘోషాసుపత్రి అని పిలిచే విక్టోరియా ఆస్పత్రిలో గానీ, ఉక్కునగరంలోని స్టీల్ జనరల్ ఆస్పత్రిలో గానీ, మరే ప్రైవేటు క్లినిక్‌లో గానీ దీనికోసం కొత్త యంత్రాలేవీ అక్కరలేదు. నలభై ఐదు దాటిన స్త్రీలలో లక్షణాలను బట్టే నిర్ధారణ చేయవచ్చనీ, రోజుకొక తీరుగా ఎగిరిపడే ఎఫ్‌ఎస్‌హెచ్ కోసం రక్తపరీక్ష అనవసరమనీ బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ముట్లుడిగిన ఏడాది తరువాత రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా గర్భసంచిని పరీక్షించాల్సిందే. అక్కడ దాని మీద చూపు పడటం సబబు. మిగతా సందర్భాల్లో నిద్ర ఎలా పడుతోంది, ఏ షిఫ్టులో పని, ఆవిర్లు ఏ వేళలో వస్తున్నాయి అన్న మూడు ప్రశ్నలు, స్కానింగు చీటీ రాయకముందే అడగదగినవి.

క్షీరదాలన్నిటిలోనూ సంతానోత్పత్తి ముగిశాక దీర్ఘకాలం బతికే ఆడజీవులు బహు తక్కువ. మనిషి కాక, దంతాలున్న తిమింగలాల్లో అయిదు జాతులకు ఆ తీరు ఉందని 2024 నాటి ఒక పరిశోధన తేల్చింది. వాటిలో ఒకటైన పొట్టి రెక్కల పైలట్ తిమింగలం బంగాళాఖాతంలోనూ తిరుగుతుంది. ఉగాండాలోని కిబాలే అడవిలో ఎన్గోగో చింపాంజీలు కూడా యాభై ఏళ్ళకు పిల్లలను కనడం మాని ఇంకా బతుకుతున్నాయని, వాటి మూత్రంలోని హార్మోన్లు స్త్రీలలో మాదిరిగానే మారుతున్నాయని 2023లో వెల్లడైంది. ముట్లుడగడం రోగమేమీ కాదనడానికి ఈ జీవులే సాక్ష్యం. తిమింగలం హైపోథాలమస్‌లో ఏం జరుగుతుందో చూసే వీలు మాత్రం ఎవరికీ లేదు.

ఇప్పుడు పరిశోధకుల ఆసక్తి ఎదురుదిక్కుకు తిరిగింది: మెదడు ముసలిదై సంతానోత్పత్తి ఆగుతుందా అన్న ప్రశ్న స్థానంలో, జీఎన్‌ఆర్‌హెచ్ లయ చెడటం వల్లనే మెదడు ముసలిదవుతుందా అన్న ప్రశ్న వచ్చింది. వయసుతో హైపోథాలమస్‌లో రాజుకునే వాపు ప్రక్రియ ఆ హార్మోన్‌ను తగ్గిస్తుందనీ, ముసలి చుంచెలుకలకు దాన్ని తిరిగి ఎక్కిస్తే ముసలితనపు లక్షణాలు నెమ్మదిస్తాయనీ డాంగ్‌షెంగ్ కై బృందం 2013లో ప్రకటించింది. 2022లో ఫ్రాన్స్‌కు చెందిన విన్సెంట్ ప్రెవో బృందం స్విట్జర్లాండ్ వైద్యులతో కలిసి, డౌన్ సిండ్రోమ్ ఉన్న ఏడుగురికి చిన్న పంపు ద్వారా ఆ హార్మోన్‌ను సహజమైన లయలో ఆరు నెలలపాటు అందించగా, ఆరుగురిలో ఆలోచనాశక్తి కొంత మెరుగుపడింది. నెలసరిని నడిపించే హార్మోన్ మనిషి మెదడు చురుకుదనానికి ఎంతవరకు తోడ్పడుతుందో పరీక్షించిన ఆ తొలి ప్రయత్నంలో పాల్గొన్న ఏడుగురూ పురుషులే.